చెరువు గట్టు మీద గట్టిమేళం

కారులో సౌండ్ బిగించే పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఏలూరులో మా ఇంటికి వస్తుంటారు. పని మానేసి ఇంటిపట్టున ఉన్నవాణ్ణి, టీ ఇచ్చి కబుర్లు చెబుతానని వాళ్ళకు తెలుసు. వచ్చిన ప్రతివాడూ ఫోను తీసి, అందులో శబ్దాన్ని కొలుస్తూ పైకీ కిందకీ ఎగిరే గీతలు నాకు చూపించి, "బాస్ ఎలా వచ్చిందో చూడండి" అంటాడు. చూడమంటాడు గాని వినమనడు. నేనూ చూసి బాగుందనే అంటాను. ఆ తర్వాత ఒక్క మాట అడుగుతాను. "ఆ బండి ఆయన ఎక్కడ నిలబెట్టి వింటాడు? వెనకాల ఏం వేసుకుని తిరుగుతాడు?"

అది వాళ్ళు అడిగి ఉండరు. ఒకప్పుడు మేమూ అడిగేవాళ్ళం కాదు. కలిదిండి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి మమ్మల్ని నాలుగైదుసార్లు తికమక పెట్టి వెళ్ళాక మాకు ఆ బుద్ధి వచ్చింది. ఆ సంగతే రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక మా వైపు బండ్లలో మోత పెరిగింది. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్నవాళ్ళు బండి కొనగానే నేరుగా ఏలూరులో మేం పనిచేసే సౌండు షాపుకు వచ్చేవారు. అందరిదీ ఒకటే కోరిక, అద్దాలు అదిరిపోవాలి. షాపులో ముఖ్యంగా ముగ్గురం. మా ఓనరు గారు గల్లా దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళు ఏమడిగినా "అలాగేనండి, తప్పకుండానండి" అనేవారు. అది అయ్యే పనో కాదో తర్వాత మేం చూసుకోవాలి. వైర్లు, యాంప్లిఫయరు, ట్యూనింగు నావి. మా నాన్న రేడియోలు బాగుచేసేవాడు, చెవి ఆయన దగ్గరే తయారైంది. మూడోవాడు చెక్క పెట్టెలు చేసే వడ్రంగి మేస్త్రి. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. పెట్టె పూర్తి కాగానే చెవి దగ్గర పెట్టుకుని వేళ్ళతో కొట్టి చూసేవాడు, పుచ్చకాయ బేరం చేసేవాడిలా. ఆయన తల ఊపితేగాని ఆ పెట్టె బయటికి వెళ్ళేది కాదు.

కలిదిండి ఆయన మొదటిసారి వచ్చినప్పుడు నాకు ముందుగా నచ్చింది ఆయన బండి. ఎనిమిది సీట్ల పాత డీజిల్ బండి. అయినా లోపల అద్దంలా కడిగి ఉంది. కింద పట్టాలు ఇంకా తడిగా ఉన్నాయి, అగరుబత్తి వాసన వస్తోంది. తెల్ల పంచె, మెడలో తువ్వాలు, చేతిలో ఐసులో చుట్టిన చేపల పొట్లం. ఆ పొట్లం మా ఓనరు గారి చేతిలో పెట్టి, నా దగ్గరికి వచ్చాడు.

"సాయిబు గారూ, నాకు అద్దాలు అదరక్కర్లేదండి. డోలు వినపడాలండి."

ఏ డోలు అన్నాను. ఆయన జేబులోంచి జాగ్రత్తగా ఒక పాత క్యాసెట్ తీశాడు. వాళ్ళది మేళం కుటుంబం. సన్నాయి వాళ్ళ బాబాయిది, డోలు ఈయనది. చెరువులు వచ్చాక ఈయన ఒక చెరువు కౌలుకు తీసుకుని చేపల్లోకి దిగాడు, డోలు గోడకెక్కింది. ఆ క్యాసెట్ ఆయన చెల్లెలి పెళ్ళిది. ఎవరో చుట్టాలు టేపు రికార్డరు పందిట్లో పెట్టి రికార్డు చేశారు. అందులో ఆయనే డోలు వాయించాడు.

"వాయించానండి. మా చెల్లెలు వాయించలేదంటదండి" అన్నాడు.

అసలు గొడవ ఇది. మంగళసూత్రం కట్టే క్షణాన గట్టిమేళం వాయిస్తారు. పందిట్లో తుమ్ములు, ఏడుపులు, నోరు జారిన మాటలు ఏవీ చెవిన పడకుండా డోలు ఉరమాలి. మా ఇళ్ళల్లో పెళ్ళికి ఆ ఆచారం లేదు గాని, ఏలూరులో పుట్టినవాడికి ఆ మోత తెలియకపోవడం ఉండదు. ఆ క్యాసెట్‌లో సరిగ్గా గట్టిమేళం దగ్గరికి వచ్చేసరికి సన్నాయి ఒక్కటే వినపడుతుంది. పెళ్ళికూతురు అప్పుడు తల వంచుకుని అక్షింతల కింద ఉంది, ఏం చూస్తుంది? తర్వాత అత్తారింట్లో క్యాసెట్ వేసుకుని, నా సూత్రం వేళ మా అన్నయ్య డోలు ఆపేశాడని మనసులో పెట్టేసుకుంది. ఆమెను ఇచ్చింది నల్లజర్ల. అక్కడ బోరు ఎండినా, గేదె ఒట్టిపోయినా, మొగుడికి జ్వరం వచ్చినా, "నా పెళ్ళికి గట్టిమేళమే మోగలేదు, ఇంకేం బాగుంటది" అనేది. మొదట్లో ఆ మాట నవ్వుతూ అనేదట. రానురాను నవ్వు తగ్గింది.

ఇప్పుడు ఆమె కూతురికి పెళ్ళి కుదిరింది. ఈయన మేనమామ, డోలు దించి తోలు బిగించుకుంటున్నాడు. చెల్లెలు కబురు పంపింది: "డోలు వేరేవాళ్ళకి చెప్పేశాం అన్నయ్యా. నువ్వు పెద్దరికంగా కూర్చుంటే చాలు."

"నేను బతికుండగా నా మేనకోడలికి వేరేవాళ్ళ డోలా అండి?" అన్నాడాయన నాతో. గొంతు పెంచలేదు. తువ్వాలు అంచు మాత్రం వేలికి చుట్టుకుంటూ ఉన్నాడు. "అందులో నా డోలు ఉందండి. వాళ్ళింట్లో చిన్న టేపు డబ్బాలో పలకట్లేదంతే. ఒక్కసారి మా చెల్లెలికి వినిపిస్తే చాలండి."

ఆయన చెప్పింది నిజమయ్యే వీలుంది. డోలుకు కుడి పక్క వేళ్ళతో వాయిస్తారు, అది టకటకమని చురుగ్గా పలుకుతుంది. ఎడమ పక్క కర్రతో కొడతారు, బరువంతా అక్కడ ఉంటుంది. ఆ బరువైన దెబ్బ చిన్న స్పీకర్ల వల్ల కాదు. దానికి పెద్ద స్పీకరు, అదే సబ్‌వూఫరు కావాలి. దానికి గట్టి చెక్క పెట్టె, ఆ పెట్టెకు ఒక పక్క గొట్టంలాంటి రంధ్రం కావాలి. లోపలి గాలి ఆ రంధ్రంలోంచి ఆడుతుంటేనే మోత. ఈ కథకు ఇంతకు మించి తెలియక్కర్లేదు.

మేస్త్రి ఆ పని మీద ప్రాణం పెట్టాడు. మామూలుగా సినిమా పాటల కోసం పెట్టెలు చేసేవాడికి డోలు కోసం చెయ్యమంటే పండగ కాదూ? మందపాటి ప్లైవుడ్ తెచ్చి, మూలలన్నీ జిగురుతో మూసి, వేళ్ళతో కొట్టి చూసి తల ఊపాడు. చివరి సీటు వెనక దాన్ని బిగించాం. నేను ట్యూన్ చేశాను. పాత క్యాసెట్ అరిగిపోతుందని దాన్ని ముట్టుకోలేదు, షాపు ముందు సినిమా పాట వేస్తే పక్క టీ కొట్లో గ్లాసులు కదిలాయి. ఆయన చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

వారం తిరగకుండా మళ్ళీ వచ్చాడు. మళ్ళీ కడిగిన బండి, తడి పట్టాలు, అగరుబత్తి, చేపల పొట్లం.

"బాగానే ఉందండి. మా ఊళ్ళోనే ఎంచేతో గొంతు రావట్లేదండి. తప్పు మీది కాదులెండి."

షాపులో పాట వేసి చూస్తే బ్రహ్మాండంగా మోగుతోంది. ఆయన కూడా ముక్కున వేలేసుకుని, "ఇప్పుడు బాగుందండి" అన్నాడు. అయినా ఎర్తు వైరు విప్పి, పెయింటు గీకి మళ్ళీ బిగించాను. వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. పెద్ద స్పీకరు వైర్లు అటూ ఇటూ మార్చాను, ముందు స్పీకర్లతో కలిసి కదులుతుందని. వెళ్ళాడు. వచ్చాడు. ప్రతిసారీ బండి మెరుస్తూనే ఉంది, ప్రతిసారీ షాపులో మోగుతూనే ఉంది. ఆయన ఒక్కసారి కోప్పడితే మాకు హాయిగా ఉండేది. మర్యాదతో మమ్మల్ని చంపేశాడు.

షాపులో సిద్ధాంతాలు పుట్టాయి. కొల్లేరు తేమ గాలికి శబ్దం బరువెక్కి కింద పడిపోతుందని ఓనరు గారి వాదన. నా వైరింగ్ లోపమని మేస్త్రి, ఆయన పెట్టెలో పగులుందని నేను. పగులు అన్నందుకు ఆయన రెండు రోజులు నాతో కలిసి అన్నం తినలేదు. ఒకసారి నాకు అనుమానం వచ్చి కలిదిండి ఆయన్నే అడిగాను.

"బండి వెనకాల ఏమన్నా వేస్తున్నారా అండీ?"

"అబ్బెబ్బే, శుభ్రంగా ఉంచుకుంటున్నానండి" అన్నాడు తడుముకోకుండా. బండి చూస్తే అబద్ధం అనిపించదు. నేను మళ్ళీ అడగలేదు.

ఆఖరికి ఆయనే అన్నాడు. "ఈ ఆదివారం మా చెల్లెలు శుభలేఖ ఇవ్వడానికి వస్తందండి. మీరిద్దరూ ఒక్కసారి వచ్చి దగ్గరుండి వినిపిస్తే... ఆ తర్వాత ఇంక వినిపించినా లాభం లేదండి."

ఆ మాటకు ఓనరు గారు తన అలవాటు ప్రకారం "తప్పకుండానండి" అనేశారు. ఆదివారం పొద్దున్నే నేనూ మేస్త్రీ కైకలూరు బస్సెక్కాం. ఇద్దరం సరిగా మాట్లాడుకోవడం లేదు. దారి పొడుగునా రెండు పక్కలా చెరువులే, గట్ల మీద తెల్ల పిట్టలు బారులు తీరి ఉన్నాయి. "పెట్టెలో పగులు లేదని తేలితే నువ్వు నాకు బిర్యానీ పెట్టించాలి" అన్నాడు మేస్త్రి కిటికీలోంచి చూస్తూ. సరేనన్నాను. కైకలూరులో దిగి ఇంకో బస్సు పట్టుకుని కలిదిండి చేరాం.

ఆయన ఇల్లు చెరువుకు ఆనుకునే ఉంది. బండి గట్టు మీద నిలబెట్టి ఉంది. ముందు సీట్లో చెల్లెలు కూర్చుంది. చేతిలో పసుపు రాసిన శుభలేఖల కట్ట. మనిషి గట్టిది, చూడగానే తెలుస్తుంది.

"ఏవండీ సాయిబు గారూ, మా అన్నయ్య మిమ్మల్ని కూడా ఎండలో తిప్పుతున్నాడా?" అంది నవ్వుతూ.

ఆయన క్యాసెట్ పెట్టాడు. సన్నాయి సన్నగా మొదలైంది. జనం గోల, పురోహితుడి మంత్రాలు, ఎవరో పిల్ల ఏడుపు. డోలు కుడి పక్క చిటపటలు వినపడుతున్నాయి. ఎడమ పక్క మోత మాత్రం లేదు. అదే బండి, అదే పెట్టె, నా చేత్తో ట్యూన్ చేసిందే! "మేళం, మేళం" అని పురోహితుడు కేకేశాడు. ఇక సన్నాయి ఒక్కటే.

"వదిలెయ్యి అన్నయ్యా" అందామె మెల్లిగా. "నేనేం కోపంగా లేనులే."

కోపంగా ఉన్నా బాగుండేది. ఆయన మొహం చూడలేక నేను వైర్ల సంచీ విప్పుతున్నట్టు నటించాను. మేస్త్రి తన పెట్టెలో పగులు చూసుకోవడానికి బండి వెనక్కి వెళ్ళి తలుపు తెరిచాడు. తెరిచినవాడు అక్కడే నిలబడిపోయి, "ఓయ్ సాయిబూ, ఇటు రా" అని అరిచాడు.

వెళ్ళి చూశాను. చివరి సీటు వెనకంతా తవుడు బస్తాలు, వేరుశనగ చెక్క బస్తాలు, కింది నుంచి బండి కప్పు దాకా. చేపల మేత. అన్నిటికంటే అడుగున మా పెట్టె ఉంది, అదీ మామూలుగా కాదు. నీలం ప్లాస్టిక్ పట్టా చుట్టి, తాడుతో ముడులేసి, పండక్కి చీర పెట్టినట్టు భద్రంగా కట్టి ఉంది. గాలి ఆడాల్సిన రంధ్రానికి బస్తా మూతి వచ్చి సరిగ్గా ఆనింది.

"ఏవండీ, నా పెట్టెకి ఊపిరాడొద్దా అండీ?" అన్నాడు మేస్త్రి. కోపమో ఏడుపో తెలియని గొంతు.

ఆయన వెనక్కి వచ్చాడు. "అంత కష్టపడి చేశారు కదండి, తవుడు దుమ్ము పడితే పాడైపోద్దని కట్టించానండి."

"మరి వెనకాల ఏమన్నా వేస్తున్నారా అంటే లేదన్నారే?" అన్నాను.

"మేత వాసన బండి మీ షాపు ముందు పెడితే ఏం మర్యాదగా ఉంటదండి? అందుకే వచ్చేముందు అన్నీ దింపించి, పట్టా విప్పించి, కడిగించి తెచ్చేవాణ్ణి. మీరు అలా అడిగేసరికి మందలిస్తున్నారేమో అనుకుని... లేదనేశానండి."

నేను గట్టు మీద చతికిలపడి నవ్వాను. ఇన్నాళ్ళూ మేం ట్యూన్ చేసింది ఆయన బండిని కాదు, ఆయన మర్యాదను. మేస్త్రి కూడా నవ్వాడు. పెట్టెలో పగులు లేదని తేలింది, ఆయనకు బిర్యానీ ఖాయం.

చెరువు దగ్గర పనివాళ్ళను పిలిచి బస్తాలన్నీ గట్టు మీదకు దింపించాం. మేస్త్రి స్వయంగా తాళ్ళు విప్పి, పట్టా తీసి, రంధ్రంలో చెయ్యి పెట్టి గోనె పీచు లాగేశాడు. మళ్ళీ క్యాసెట్ వేశాం. ఇప్పుడు మోత వచ్చింది. ఆ వచ్చింది అంతా కలగాపులగం, జనం గోల కూడా గుమ్మని మోగుతోంది. అందులో డోలు ఏదో చెప్పలేం. సినిమా పాటల అలవాటు కొద్దీ పెద్ద స్పీకరు పలకాల్సిన హద్దు షాపులోనే మరీ కిందకు పెట్టేశాను. డోలు దెబ్బ ఎక్కడుంటుందో నాకు అసలు తెలియదు కదా.

"మీ డోలు ఇంట్లో ఉందా?" అని అడిగాను.

తెచ్చాడు. కొత్తగా తోలు బిగించి ఉంది. మెడలో వేసుకుని బండి పక్కన నిలబడ్డాడు. ఎడమ పక్క ఒక్కటే, కర్రతో, నేను చెప్పినప్పుడల్లా ఒక దెబ్బ కొట్టమన్నాను. ఆయన కొట్టేవాడు, నేను క్యాసెట్ వేసి నాబ్ ఒక వెంట్రుకవాసి తిప్పేవాణ్ణి. బయటి దెబ్బ, లోపలి మోత. ఇంకొంచెం. మళ్ళీ కొట్టండి. నా జన్మలో అలాంటి ట్యూనింగ్ మళ్ళీ చేయలేదు. ఎదురుగా అసలు వాద్యం ఉండగా దాని నీడను పట్టుకోవడం. ఒకచోట ఆయన కర్ర దెబ్బా, క్యాసెట్‌లో దెబ్బా ఒకే గొంతుతో పలికాయి. మేస్త్రి వేలు పైకెత్తి, తల ఊపాడు. నేను నాబ్ మీంచి చెయ్యి తీసేశాను. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

"అమ్మాయ్, ఒక్కసారి కూర్చోమ్మా" అన్నాడాయన చెల్లెలితో.

ఆమె ఈసారి వెనక సీట్లో కూర్చుంది, పెట్టెకు వీపు ఆనించినట్టుగా. సన్నాయి మొదలైంది. డోలు రెండు పక్కలా పలుకుతోంది, కుడి చిటపట, ఎడమ గుమ్ము. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "మేళం, మేళం" అన్న కేక వచ్చింది. సన్నాయి పైకి లేచింది. అప్పుడు వచ్చింది గట్టిమేళం. గుమ్ము గుమ్ము గుమ్మని ఆపకుండా ఎడమ దెబ్బలు. సీటు అదిరింది, ఆమె ఒళ్ళో శుభలేఖలు కదిలాయి. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

ఆమె ఒళ్ళో శుభలేఖలు సర్దుకుంది. ఆయన డోలు మెడలో వేసుకునే నిలబడి ఉన్నాడు. వాయించావని ఆమె ఒప్పుకుంటుందని నేను కాచుకుని చూస్తున్నాను. కాని ఆమె మేళం ఇంటి ఆడపిల్ల.

"ఎడం చెయ్యి ఒక్కటే ఉంది" అంది. "కుడి చెయ్యేది అన్నయ్యా?"

ఆయన చెరువు వైపు తిరిగాడు.

"చెప్పు. అంతసేపు కుడి చెయ్యి ఏం చేస్తోంది?"

"కళ్ళు తుడుచుకుంటున్నానమ్మా" అన్నాడు. "నువ్వెళ్ళిపోతున్నావని. పందిట్లో మేళగాడు ఏడిస్తే బాగుంటదా? ఎవరికీ చెప్పలేదు. రెండో చెయ్యి మాత్రం ఆపలేదమ్మా."

చిన్న డబ్బాలో కుడి పక్క చప్పుడే వినపడుతుంది. అది ఆగితే డోలే ఆగినట్టు. ఆమె అన్ని సంవత్సరాలూ విన్నది నిజమే. ఈయన చెప్పిందీ నిజమే. ఆ మాట నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె బండి దిగి, శుభలేఖ ఒకటి తీసి, అన్నయ్య చేతిలో పెట్టబోయి ఆగింది. ఆయన రెండు చేతులూ డోలు మీద ఉన్నాయి. డోలుకూ తాడుకూ మధ్య దాన్ని దోపింది.

"వేరేవాళ్ళకి వద్దని చెప్పేస్తాను. మా అమ్మాయికి మాత్రం నాకు రెండు చేతులూ కావాలి."

"ప్రయత్నిస్తానమ్మా" అన్నాడాయన.

ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో చేపల పులుసు తిన్నంత తృప్తిగా నేను మరెక్కడా తినలేదు. మేస్త్రి మళ్ళీ నాతో కలిసి కూర్చున్నాడు. తిరిగి బయల్దేరేముందు పెట్టెను సీటు కిందికి మార్చి, రంధ్రం ముందుకు తిప్పి బిగించాం, మేత బస్తాలు ఎన్ని వేసుకున్నా తగలకుండా. ఆయన మళ్ళీ షాపుకు బాగుచేయించుకోవడానికి రాలేదు. చేపలు ఇవ్వడానికి వచ్చేవాడు, బండి కడక్కుండానే. ఆ వాసనకు ఓనరు గారు మురిసిపోయేవారు. అప్పటినుంచి మా షాపులో ఒక పద్ధతి వచ్చింది. బండి రోజూ ఎలా ఉంటుందో అలాగే, బస్తాలతో, బిందెలతో, పిల్లల పుస్తకాల సంచులతో తెమ్మనేవాళ్ళం. కడిగిన బండి వస్తే నేను ముట్టుకునేవాణ్ణి కాను.

పెళ్ళికి మమ్మల్నిద్దర్నీ పిలిచారు. నల్లజర్లలో వాళ్ళింటి ముందే పందిరి. నేను ఒక పక్కన నిలబడ్డాను. మేస్త్రి ముందే వెళ్ళి డోలు చెక్కను వేళ్ళతో కొట్టి చూసి, పనస కర్ర అని నాకు సైగ చేశాడు. ముహూర్తం దగ్గరపడింది. ఆయన వాయిస్తున్నాడు, మొదటినుంచే కళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇంక ఏ క్షణాన్నైనా కుడి చెయ్యి లేస్తుందనిపించింది నాకు.

"మేళం, మేళం" అన్నాడు పురోహితుడు.

పెళ్ళికూతురి తల్లి పీటల దగ్గర లేదు. వెతికితే అన్నయ్య పక్కన కనపడింది. ఎప్పుడు వచ్చిందో వచ్చి, డోలుకు ఆనుకుని నిలబడి ఉంది. కుడి చేత్తో అక్కణ్ణుంచే కూతురి మీదకు అక్షింతలు విసిరింది. ఎడమ చేత్తో కొంగు తీసి అన్నయ్య కళ్ళు తుడిచింది. ఆయన రెండు చేతులూ డోలు మీదే ఉన్నాయి.